కెండ్రాకు తెలిసిన చోటు

గ్రేహార్న్ కొండ, నిప్పు కాపలా గుడిసె
1994 జూన్ 21

తమ్ముడూ లైల్,

కొండెక్కి కుదురుకున్నాను. నువ్వు కట్టిచ్చిన మూటల్లో ఒక్క జామ్ సీసా పగిలింది. అది నేను చేసిన జామే కాబట్టి పెద్ద నష్టం లేదు. కొండ ఉడుతలు నిరుటిలాగే మెట్ల చెక్కలు కొరుకుతున్నాయి. పొద్దునా సాయంత్రమూ రేడియోలో అటవీశాఖ ఆఫీసుకు "పొగ లేదు" అని చెప్పడం, మధ్యలో దుర్భిణి పట్టుకుని నాలుగు దిక్కులూ చూడడం, అంతే పని. బడిపిల్లల గోల తరవాత ఈ నిశ్శబ్దం మొదట్లో చెవులు నొప్పెట్టిస్తుంది. పోనుపోను అలవాటవుతుంది.

ఒక మాట నీ ఎదురుగా అనలేక ఇక్కడికొచ్చి రాస్తున్నాను. బయల్దేరే ముందు మీ ఇంట్లో పడుకున్నాను కదా. తెల్లవారి కాఫీపొడి కోసం ఫ్రిజ్ మీద తడిమితే నాన్న రివాల్వర్ చేతికి తగిలింది. తూటాలు నిండుగా ఉన్నాయి. హాల్లో రైఫిళ్ళ అల్మరాకు తాళం వేసే ఉంది కానీ, తాళంచెవి పక్కనే మేకుకు వేలాడుతోంది. అలాంటప్పుడు తాళం ఎందుకు?

నీ కూతురు కెండ్రా తీరు కూడా నాకు నచ్చలేదు. బంగాళాదుంపల్ని పళ్ళెంలో అటూ ఇటూ జరిపిందే గానీ నోట్లో పెట్టుకోలేదు. నేను జీపు ఎక్కుతుంటే మాత్రం పరిగెత్తుకొచ్చి, గుర్రప్పందెంలో గెల్చుకున్న తన వెండి బెల్టు బిళ్ళ నా చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ అత్తా" అంది. ముద్దొచ్చి తీసుకున్నాను.

ఆ రివాల్వర్ ఎక్కడైనా తాళం వేసి పెట్టు. పెద్ద పని కాదుగా. కంచరగాడిదల మీద సామాన్లు తెచ్చే ఎల్మో బుధవారం వస్తాడు, ఉత్తరం అతనికిస్తాను.

కొండమీద ఒంటరిగా, సంతోషంగా,
మీ అక్క ఆర్డిస్

*

ఇంటి నుంచి
జూన్ 26

అక్కా,

నీ ఉత్తరం గడ్డి కోత మధ్యలో అందింది. గడ్డి బాగుంది, యంత్రం బాగాలేదు, నడుం అంతకన్నా బాగాలేదు. మిగతావన్నీ మామూలే.

తుపాకుల సంగతికొస్తాను. అక్కా, నువ్వు ఎవరికి రాస్తున్నావో ఒకసారి గుర్తు చేసుకో. ఈ లోయలో ఏ పిల్లాడికి వేట లైసెన్సు కావాలన్నా రైతుల గ్రేంజి హాల్లో నా ముందు కూర్చోవలసిందే. ప్రతి తుపాకీ నిండే ఉందనుకో. గొట్టం మనిషి వైపు తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఈ మాటలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంతవరకు ఒక్కడూ కాలి వేలు కూడా పోగొట్టుకోలేదు. ఆ క్లాసులో నాకు సహాయం ఎవరనుకున్నావు? కెండ్రానే. కళ్ళకు గుడ్డ కట్టినా రైఫిల్ విప్పి బిగిస్తుంది. తుపాకీ అంటే ఏమిటో షెరీఫ్ ఆఫీసు పోలీసులకన్నా దానికే బాగా తెలుసు.

మొన్న నక్కలు దొడ్డిదాకా వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోయాయి. నేను తాళంచెవి వెతుక్కునేదాకా నక్క ఆగుతుందా?

కెండ్రా తినడం లేదంటావు. పదిహేనేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ గ్వెన్ ఫిబ్రవరిలో పెట్టె సర్దుకుని బిల్లింగ్స్ నగరానికి పోయింది. తినకపోతే వింతేముంది? నాకూ సయించడం లేదు. ఇంతకీ ఇది నీకు తట్టిన మాటా, గ్వెన్ నీ చేత రాయించిన మాటా? పిల్లను తన దగ్గరికి తీసుకెళ్ళాలని లాయరుతో మాట్లాడుతోందట. "ఆ ఇంట్లో తుపాకులు బయటే పడేసి ఉంటాయి" అని నీ చేతి రాతతో ఒక ముక్క దొరికితే దానికెంత సుఖం!

నువ్వలాంటిదానివి కాదని అనుకుంటున్నాను. అనుకోవడం వరకే.

లైల్

*

గ్రేహార్న్ కొండ
జూలై 3

లైల్,

గ్వెన్‌తో ఫిబ్రవరి తరవాత నేను మాట్లాడలేదు. నమ్మితే నమ్ము.

ఎల్మో నీ ఉత్తరం తెచ్చిన రోజు బల్లమీద ఆ వెండి బిళ్ళ తుడుస్తూ కూర్చున్నాను. అది గెలవడానికి ఆ పిల్ల ఎన్నిసార్లు గుర్రం మీంచి పడిందో, చేయి విరిగినప్పుడు కూడా ఎంత మొండిగా ఉందో గుర్తొచ్చింది. పోయినేడు బడిలో తరగతి మొత్తం అడిగినా చేతికివ్వలేదు. అలాంటిది ఊరికే నాకిచ్చేసిందేమిటి అనిపించింది. బడిలో టీచర్లకు చెప్పే పాఠాల్లో ఇదొకటి. పిల్లలు తిండి మానేసి, ముభావంగా ఉండి, తమకు ప్రాణంలాంటి వస్తువులు పంచిపెట్టడం మొదలుపెడితే ఆలస్యం చెయ్యొద్దంటారు. ఇతరుల పిల్లలైతే ఆ రోజే కనిపెట్టేదాన్ని. మన పిల్ల కాబట్టి ముద్దొచ్చింది నాకు.

ఎల్మో వెళ్ళిపోయాక తట్టింది ఇదంతా. మళ్ళీ బుధవారందాకా ఆగలేక శుక్రవారం రేడియోలో ఆఫీసును పిలిచాను. "మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి, తుపాకులన్నీ తాళం వెయ్యమనండి, కెండ్రాను కనిపెట్టి ఉండమనండి" అని చెప్పాను. రేడియో నిప్పు కబుర్లకేనని చీవాట్లు పెట్టారు. అయినా చెప్తామన్నారు.

లైల్, నువ్వు గొప్ప మాస్టారివి. కాదనను. పొరపాటున తుపాకీ పేలకుండా ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేర్పుతావు. నేను అడుగుతున్నది పొరపాటు గురించి కాదు. దానికి బాగా తెలుసు అంటున్నావే, నా భయమూ అదే.

దాన్ని కూర్చోబెట్టి సూటిగా అడుగు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోకు. అలా పుట్టదు.

ఆర్డిస్

*

ఇంటి నుంచి
జూలై 5, సాయంత్రం

అక్కా,

సంతోషమేనా? నీ రేడియో కబురు లోయంతా విన్నది. ఇక్కడ సగం వంటిళ్ళలో ఆ రేడియో మోగుతూనే ఉంటుందని నీకు తెలియదా? శనివారం కాఫీ తాగుదామని కేఫ్‌లో అడుగుపెట్టానో లేదో, "ఏం మాస్టారూ! మీ అక్క కొండమీంచి మీ ఇంట్లో పొగ కనిపెట్టిందటగా!" అని ఒకటే నవ్వు. వాళ్ళందరి పిల్లలకూ తుపాకీ పట్టడం నేర్పినవాణ్ణి నేను.

ఆ రాత్రి భోజనాల దగ్గర కెండ్రాకు చెప్పాను. "మీ అత్తకు కొండగాలి తలకెక్కింది. నా కూతురు అలాంటి పిరికిపని చేసే రకమా?" అన్నాను. అదీ నవ్వింది. కాబట్టి నీ భయాలు కట్టిపెట్టు.

అసలు సంగతి విను. నాన్న రివాల్వర్ పోయింది. ఇవాళ మధ్యాహ్నం దొడ్డిలో కుక్క మొరుగుతుంటే ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇల్లంతా వెతికాను. బయటివాడెవడూ రాలేదు, పక్క పొలం వెర్న్ ఆస్ట్‌బీ కొడుకు డేల్ తప్ప. ఆదివారం గడ్డి కట్టలు వెయ్యడానికొచ్చి, మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాడు. మా తుపాకులు బయటే ఉంటాయని నువ్వు రేడియోలో చాటావు, వాడు విన్నాడు, పట్టుకుపోయాడు.

వెర్న్ వాళ్ళ వాకిట్లోకే వెళ్ళి అడిగాను. "నా కొడుకుని దొంగంటావా?" అని వెర్న్ గడ్డి పార పట్టుకుని మీదికొచ్చాడు. నేనూ తగ్గలేదు. వాళ్ళావిడ అడ్డం పడకపోతే ఏమయ్యేదో. డేల్ వరండాలో నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. తప్పు చేసినవాడే అలా నిలబడతాడు.

ఇప్పుడు షెరీఫ్ దగ్గరికి వెళ్తున్నాను. దారిలో ఈ ఉత్తరం అటవీశాఖ ఆఫీసులో పడేస్తాను, రేపు ఎల్మో తెస్తాడు. కెండ్రా పొద్దున దాణా తెస్తానని పికప్ వేసుకుని టౌనుకెళ్ళింది. ఇంకా రాలేదు. స్నేహితుల ఇంట్లో కబుర్లు పెట్టుకుని ఉంటుంది. ఇంట్లో ఇంత జరుగుతుంటే దానికేం పట్టింది!

నీ వల్ల వచ్చిన తంటా ఇది. గుర్తుంచుకో.

లైల్

*

గ్రేహార్న్ కొండ
జూలై 6

లైల్,

ఎల్మో గాడిదలకు నీళ్ళు పెడుతున్నాడు. ఆ కాస్త వ్యవధిలో రాస్తున్నాను.

డేల్ కాదు. డేల్‌ని వదిలెయ్. కెండ్రా ఎక్కడ? రివాల్వర్ లేదు, పిల్ల లేదు, ఈ రెండూ ఒకే కాగితం మీద రాసి కూడా నీకు తట్టలేదా?

మళ్ళీ రేడియోలో పిలిచాను. చీవాట్లు పెడితే పెట్టనీ. మీ ఇంటికి ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యడం లేదన్నారు. ఎవరూ తియ్యకపోవడమేమిటి లైల్?

నేను దిగి రాలేను. రాత్రి పిడుగులకు తూర్పు వాలు అంటుకుంది. కుర్రాళ్ళు అక్కడ మంటలార్పుతున్నారు, గాలి మళ్ళితే వాళ్ళకు చెప్పాల్సింది నేనే. ఒక్క కన్ను పొగ మీద, ఒక్క కన్ను మీ ఇల్లున్న దిక్కు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారం రాసిన ఉత్తరం కూడా ఇందులోనే పెడుతున్నాను. దయచేసి అది చదువు. కాదు, చదవకు. ముందు పిల్లను వెతుకు.

ఆర్డిస్

*

ఇంటి నుంచి
జూలై 10

అక్కా,

"అమ్మాయి క్షేమం, ఇంట్లోనే ఉంది" అని గురువారం రేడియోలో చెప్పి ఉంటారు. అంతే చెప్పమన్నాను. మిగతాది లోయ వినక్కర్లేదు, నువ్వు వినాలి.

మంగళవారం నీకు ఉత్తరం పడేసి షెరీఫ్ ఆఫీసుకు వెళ్ళాను. డేల్ ఆస్ట్‌బీ మీద ఫిర్యాదు రాయించి, సంతకానికి కలం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తలుపు తోసుకుని టెస్కీ వచ్చాడు. ఎదురు వీధిలో తుపాకుల కొట్టు నడిపే ముసలాయన, నీకు తెలుసుగా. నా బండి చూసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"లైల్, దానిమీద సంతకం పెట్టకు. బయటికి రా."

"ఏమైంది?"

"బయటికి రమ్మంటున్నానా! మధ్యాహ్నం రెండు మూడుసార్లు మీ ఇంటికి ఫోన్ చేశాను. ఎక్కడ తగలడ్డావు?"

నేను ఆ సమయంలో వెర్న్ వాకిట్లో అరుస్తున్నానక్కా.

పేవ్‌మెంటు మీద నిలబెట్టి చెప్పాడు. పొద్దున కెండ్రా కొట్టుకు వచ్చిందట. దాణా సంచిలో చుట్టిన రివాల్వర్ గల్లా బల్ల మీద పెట్టిందట. తూటాలు తీసేసి, గొట్టం గోడవైపు తిప్పి, తూటాలు పెట్టే చక్రం తెరిచి. నేను ఎలా నేర్పానో అచ్చం అలాగే. "ఇది మీ దగ్గర ఉంచండి టెస్కీ గారూ. నాన్నకి నేను చెప్పేదాకా ఇవ్వకండి" అందట. ఎందుకమ్మా అని అడిగితే, "ఇంట్లో ఉంటే అది ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంటుంది" అందట. "ఎవరి వల్లనైనా భయమా తల్లీ?" అన్నాడట. "నా వల్లే" అందట.

అక్కడే కాలిబాట అంచున కూర్చుండిపోయాను. టెస్కీ పక్కన కూర్చున్నాడు. "పిల్ల మా ఆవిడ దగ్గరుంది. సూప్ తాగింది. లేచి వెళ్ళు, అరవకు" అన్నాడు.

అరవలేదు. వాళ్ళ వంటింట్లో దాని ఎదురుగా కూర్చున్నాను. టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాను. దానికే జాలేసినట్టుంది.

"అస్తమానం అనిపించదు నాన్నా. కొన్ని రాత్రుళ్ళు. అప్పుడు ఫ్రిజ్ మీద అది ఉందని గుర్తొస్తుంది. తెల్లారితే వద్దనిపిస్తుంది. తెల్లారేదాకా అది నాకు అందకుండా ఉంటే చాలు."

"నాకెందుకు చెప్పలేదే?"

"శనివారం చెబుదామనుకున్నా. అత్త కబురు పంపింది కదా, నువ్వే అడుగుతావనుకున్నా. నువ్వేమో 'నా కూతురు అలాంటి పిరికిపని చేసే రకమా' అన్నావు. ఇంక నవ్వేశాను."

అక్కా, అది నవ్విందని నీకు గొప్పగా రాశాను చూడు.

మర్నాడు మిసూలాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అందుకే ఫోన్ ఎవరూ తియ్యలేదు. గ్వెన్ బిల్లింగ్స్ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. వరండాలో ముగ్గురం కూర్చున్నాం. చాలా కాలానికి పోట్లాడుకోకుండా మాట్లాడుకున్నాం, అదీ మెల్లగా. డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచి, "ఆ ఘడియలు వస్తాయి, పోతాయి. పోయేదాకా చేతికేదీ అందకుండా చూడడం మీ పని. మిగతాది మేం, తనూ చూసుకుంటాం" అంది. వారానికోసారి తీసుకెళ్ళాలి.

ఇంటికొచ్చి రైఫిళ్ళన్నీ బండిలో వేసుకుని టెస్కీ కొట్టులో అప్పజెప్పాను. నాన్నవి, నావి, దాని పోటీ రైఫిల్, అన్నీ. హాల్లో ఖాళీ అల్మరా చూస్తుంటే పన్ను పీకిన చోటులా ఉంది. నక్కలు నిన్న మరో గొర్రెపిల్లను పట్టుకుపోయాయి. పోనీ.

వెర్న్ వాకిలికి మళ్ళీ వెళ్ళాను. క్షమించమన్నాను. ఎందుకు పొరబడ్డానో చెప్పలేదు, అది కెండ్రా మాట, నేను చెప్పేది కాదు. వెర్న్ నా ముఖాన తలుపు వేశాడు. డేల్ గడ్డి కట్టలకు రావడం లేదు. ఎందుకొస్తాడు?

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. ఆదివారం రాసింది చదివి కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నీ తమ్ముడు లైల్

*

గ్రేహార్న్ కొండ
జూలై 13

తమ్ముడూ,

చదివాను. రెండుసార్లు చదివి, బయట మెట్లమీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఎల్మో పాపం ఏం చెయ్యాలో తెలియక నాకో ఉల్లిపాయ తరిగి శాండ్‌విచ్ చేసిపెట్టాడు.

రేడియోలో అన్నందుకు సిగ్గుపడుతున్నాను. అనకపోతే ఇంకెలా చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియడం లేదు. ఆ పిల్ల పేరు లోయంతా మోగించాను. నాకు తను రాస్తే, ఎంత తిట్టినా పడతానని చెప్పు. రాయకపోయినా సరేనని కూడా చెప్పు.

నిన్ను నువ్వు తిట్టుకుంటూ దాని చుట్టూ తిరగకు లైల్. దానికి అదొక బరువు. మామూలుగా ఉండు. గుర్రాన్ని కడగమను, వంట మాడ్చావని నువ్వు తిట్టించుకో. ఎలాగూ మాడుస్తావు.

ఇంకొక్కటి. నీ క్లాసు ఆగస్టులో మొదలవుతుంది కదా. మానెయ్యాలని అనుకుంటూ ఉంటావు, నిన్ను ఎరగనా? మానకు. కానీ ఈసారి పిల్లలకన్నా ముందు ఎవరిని కూర్చోబెట్టాలో ఆలోచించు.

తూర్పు వాలు చల్లారింది. కుర్రాళ్ళంతా క్షేమంగా దిగారు.

అక్క

*

ఇంటి నుంచి
సెప్టెంబర్ 4

అక్కా,

వచ్చే వారం దిగుతున్నావట. ఇది నీకు కొండమీద అందే ఆఖరి ఉత్తరం. జూలైలో క్లాసు మానెయ్యాలనే కాగితం మీద రాసుకున్నాను, నువ్వెలా పట్టేశావో తెలియదు.

మానలేదు. మొదటి సాయంత్రం పిల్లలు రానక్కర్లేదు, అమ్మానాన్నలే రావాలి, రాకపోతే పిల్లలకు క్లాసు లేదు అని బోర్డు పెట్టాను. అందరూ విసుక్కుంటూనే వచ్చారు. ఏం చెప్పాలని ముందు రోజు కెండ్రాను అడిగాను. "నా పేరు చెప్పకు. నీ గురించి చెప్పు" అంది. అలాగే చెప్పాను. ఇన్నేళ్ళు తుపాకీ ఎలా పట్టుకోవాలో మీ పిల్లలకు నేర్పాను, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో నేనే నేర్చుకోలేదన్నాను. ఫ్రిజ్ మీద పెట్టేవాణ్ణన్నాను.

ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. "నా ఇంట్లో నా తుపాకీ ఎక్కడుండాలో నువ్వు చెప్తావా లైల్?"

"నేను చెప్పను. ఇవాళ ఇంటికెళ్ళి నీ పిల్లల్ని అడుగు. తిట్టకుండా, నవ్వు ముఖంతో అడుగు. తుపాకీ ఎక్కడుందో తెలుసా అని. తెలియదంటే వచ్చి నన్ను తిట్టు."

ఆయన టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు కూడా లేచారు. వెనక వరసలో వెర్న్ ఆస్ట్‌బీ ఉన్నాడు. వస్తాడని అనుకోలేదు. చేతులు కట్టుకుని చివరిదాకా కూర్చుని, పలకరించకుండా వెళ్ళాడు.

రెండో వారం నేను కుర్చీలు వేస్తుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అడిగాను" అన్నాడు.

"ఏమన్నారు?"

"డేల్ చెప్పాడు. నడిపివాడు చెప్పాడు. బీరువాలో దుప్పట్ల కింద దాచిన సంగతి మా ఇద్దరికే తెలుసని ఇన్నాళ్ళూ నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. చిన్నది నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. అయిదేళ్ళు దానికి. గట్టి పెట్టె ఎక్కడ దొరుకుతుంది?"

టెస్కీ దగ్గరన్నాను. తలూపాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "నిన్ను క్షమించాననుకోకు. నా పిల్లవాణ్ణి దొంగన్నావు."

"అనుకోవడం లేదు వెర్న్."

"సరే" అని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున డేల్ మా గేటు దగ్గర బండి ఆపి, లోపలికి రాకుండానే, కెండ్రాతో చాలాసేపు మాట్లాడాడు. ఏమనుకున్నారో నేను అడగలేదు.

కెండ్రా తింటోంది. అన్ని రోజులూ కాదు. పోయిన వారం రెండు రోజులు గదిలోంచి రాలేదు, గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నువ్వలా చూస్తుంటే నిద్ర పట్టదు నాన్నా" అంది. "నాకూ పట్టడం లేదు, పేకాడదామా?" అన్నాను. ఆడాం. ఓడిపోయాను. నెలకు రెండుసార్లు గ్వెన్ వస్తుంది, ఉన్నంతసేపూ ముగ్గురం బాగానే ఉంటాం. అంతకుమించి నేనేమీ ఊహించుకోవడం లేదు.

వచ్చే నెల వేట మొదలు. టెస్కీ ఫోన్ చేసి, "రైఫిళ్ళు శుభ్రం చేసి ఉంచనా? పట్టుకెళ్తావా?" అన్నాడు. ఈ ఇంట్లో నాకు ఊహ తెలిశాక వేటకు వెళ్ళని శరత్కాలం లేదు, నీకూ తెలుసు. మాంసం పెట్టె ఖాళీగా ఉంది. గట్టి ఇనప పెట్టె కొంటాను, నంబరు నా ఒక్కడికే తెలిసేలా పెట్టుకుంటాను అనుకున్నాను. ఫోన్ పట్టుకునే కెండ్రా వైపు తిరిగాను.

"టెస్కీ అడుగుతున్నాడు. ఏమంటావు?"

అది గిన్నెలు కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉంచి ఆలోచించింది. మునుపైతే నేనే జవాబు చెప్పేసేవాణ్ణి.

"ఇంకా వద్దు నాన్నా."

"సరే" అన్నాను. ఫోన్‌లో కూడా అదే మాట చెప్పాను. "ఇంకా వద్దట టెస్కీ."

"మంచిది. నా దగ్గర చోటుంది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి తువ్వాలు తీసుకుని, కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను.

జాగ్రత్తగా దిగు.

లైల్